గంగోత్రి గౌను మడతలు

రమణికి రోజు టేపుతో మొదలవుతుంది. పత్తికొండ బస్టాండు వెనక సందులో మిషన్ కుట్టుకుని బతికే మనిషి. పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టి, ఆరో తరగతి చదివే కూతురు గంగోత్రిని గోడకు ఆనించి కొలుస్తుంది. నిన్నటికంటే ఎత్తు తగ్గి ఉంటే ఉసూరుమంటూ యూనిఫాం గౌను అంచు ఇంకో మడత మడిచి కుట్టేస్తుంది. ఈలోగా టీ పొంగిపోతుంది.

రెండు నెలల కిందట స్కూలు ఆటోలో గంగోత్రికి వాంతయింది. పిల్ల చేసిన నేరం అంతే. ఆ రోజు నుంచి లిఖిత, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు ఆమెను చూస్తే చాలు ముక్కు మూసుకుంటారు. వాళ్ళు మూసుకున్నప్పుడల్లా గంగోత్రి కాస్త పొట్టిదవుతుంది. చలికాలం పెదాలు పగిలినట్టే ఇదీ అనుకుని వీధివాళ్ళు పట్టించుకోలేదు. ఆటో ఓబులేసు మాత్రం ఆమె పక్కన ఖాళీ అయిన చోట ఇంకొకర్ని ఇరికించాడు.

రమణి ఊరుకునే రకం కాదు. స్కూలుకు పోయి ముగ్గుర్నీ క్లాసు ముందర నిలబెట్టి దులిపేసింది. ఆ కసితో వాళ్ళు ఇంకా ఎక్కువ ముక్కు మూసుకుంటే, మర్నాటికి గంగోత్రి రెండంగుళాలు తగ్గింది. హెడ్మాస్టరు దేవేంద్రప్ప పిలిపించాడు.

"ఇంకో రెండంగుళాలు తగ్గితే నా చేతుల్లో ల్యాదమ్మా. అంగన్‌వాడీలో కూర్చోబెట్టాల్సిందే. రూలు అట్లుండాది."

ఆ మాట విన్నాక రమణికి కాలు నిలవలేదు. పక్కింటి ఈరక్క జాకెట్టుకు చేతులు తిరగేసి కుట్టింది. ఆ ముసలామె జాకెట్టు పట్టుకుని పోట్లాటకు వచ్చేసరికి, రమణి చేతిలో కత్తెర ఉంది. మడతల మీద మడతలు పడి గౌనులో సూది దిగడం లేదు.

"ఏమే, కోస్తాండావా?"

"ఏం చేసేదవ్వా? పొడుగ్గా ఉంటే పాపను చూసి నవ్వుతారు."

"కోసినాక పాప ఎదిగితే గుడ్డ యాడ తెస్తావు? అది తగ్గినప్పుడల్లా నువ్వూ తగ్గిస్తానే ఉండావు. ఎదుగుతాదని నీకే నమ్మకం ల్యాకుంటే దానికి యాడుంటాది?"

రమణికి చురుక్కుమంది. కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కత్తెర ఈరక్క చేతిలో పెట్టి, తీసుకుపొమ్మంది.

సాయంత్రం గౌను కూతురి ఒళ్ళో వేసింది. "విప్పు."

"అన్నీనా?"

"అన్నీ. ఒక్కో మడత విప్పుతా ఆ దినం ఏం జరిగిందో చెప్పు. నేను స్కూలుకు రాను, ఎవర్నీ తిట్టను. వింటా."

గంగోత్రి మొదటి మడత దారం పీకింది. తర్వాత చెప్పింది. కుళాయి దగ్గర తను తాగాక గ్లాసు మూడుసార్లు కడిగారు. లిఖిత పుట్టినరోజుకు తనొక్కదానికే చాక్లెట్టు ఇవ్వలేదు. రమణి రెండుసార్లు చెప్పుల కోసం లేచి, రెండుసార్లూ కూర్చుంది.

"రేపు మల్లా ముక్కు మూసుకుంటే ఏం చేస్తావు?"

గంగోత్రి ఇంకో కుట్టు పీకింది. "వాంతి చేసుకున్నా అంటా. చేసుకున్నా కదమా?"

రమణికి నవ్వొచ్చింది. తల్లి నవ్వితే పిల్ల కూడా నవ్వింది. రెండు నెలలయింది ఆ ఇంట్లో నవ్వి.

మర్నాడు గౌను నేలమీద ఈడుస్తూ గంగోత్రి ఆటో దాకా నడిచింది. గుమ్మంలో నిలబడిన రమణి పరిగెత్తకుండా తలుపు గట్టిగా పట్టుకుంది.

"ఏమే, మీ అవ్వ గౌనా?" ఆటోలోంచి లిఖిత ముక్కు మూసుకుంది.

"మాయమ్మ కుట్టింది. ఎదిగితే సరిపోతాది." గంగోత్రి ఆటో కమ్మీ పట్టుకుంది. "అవును, ఆటోలో వాంతి చేసుకున్నా. నీకెప్పుడూ కాలేదా?"

మూలన కూర్చున్న స్వర్ణలత, "నాకయింది, కడప పోయే బస్సులో" అని జరిగి చోటిచ్చింది.

ఆ రోజంతా రమణి ఒక్క గుండీ కూడా కుట్టలేకపోయింది. సాయంత్రం ఆటో చప్పుడు వినగానే గుమ్మంలోకి వచ్చింది. టేపు మిషన్ మీదే ఉండిపోయింది. సందు మట్టిలో పొద్దున గౌను ఈడ్చిన చార గుమ్మం నుంచి రోడ్డు దాకా ఇంకా కనిపిస్తోంది. దాని పక్కనే గంగోత్రి నడిచి వస్తోంది. వెనక మట్టిలో చార లేదు, రెండు చెప్పుల గుర్తులే పడుతున్నాయి.