ఉంటాను బాబాయ్

ఆ సోమవారం నేను చేయాల్సిన పనులు డైరీలో ఇలా రాసుకున్నాను:

కొత్త కంప్యూటర్లతో పాటే వచ్చిన మెసెంజర్ లాభనష్టాలు: మేనేజర్‌గారికి రెండు పేజీల రిపోర్టు.
ఆయన సరే అంటే, పాత ఇంటర్‌కమ్ ఫోన్లు తీయించడం.
ఆరో గది తలుపుకి లోపలి గడియ బిగుసుకుపోతోంది. మెకానిక్‌కి కబురు.
అమ్మ కళ్ళజోడు.

ఆ వారంలో మూడు పనులు చేశాను. గడియ సంగతి మాత్రం రేపు, రేపు అనుకుంటూ ఉండిపోయింది.

మాది మందులు నిలవ చేసే కోల్డ్ స్టోరేజి. కింద ఆరు చల్లటి గదులు, పైన ఆఫీసు. ఆరో గది మైనస్ ఇరవై. మా నాన్న అక్కడే పెట్టెలు మోసి, నడుం పడిపోయి మానేశాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనొక్కదాన్నే. నాన్న ఎప్పుడూ ఎక్కని మెట్లెక్కి నేను కుర్చీలో కూర్చున్నాను కాబట్టి, ఏ పని చెప్పినా ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని చేసేదాన్ని.

ఆ గదులు చూసుకునే ఆయన్ని అందరూ మైనస్ బాబాయి అనేవాళ్ళు. నడి వేసవిలో కూడా ఉన్ని టోపీ తీసేవాడు కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజు, "నా దగ్గర ఇరవై డిగ్రీలున్నాయి, అవీ మైనస్‌లో. నీ దగ్గరున్నది ఒక్కటే. అయినా కుర్చీ నీకే వేశారు చూడు తల్లీ" అన్నాడు.

ఆరో గదిలోకి వెళ్ళేముందు ఆయన తలుపు పక్కనున్న ఫోన్ ఎత్తేవాడు.

"తల్లీ, లోపలికి పోతున్నా. ఉన్నావా?"

"ఉన్నా బాబాయ్."

"ఇరవై నిమిషాలు. ఈలోపు నేను చేయలేదంటే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకు రా."

బయటికొచ్చాక మళ్ళీ చేసేవాడు. "బయటపడ్డా. ముక్కు కూడా ఊడలేదు. ఉంటా మరి."

ఇది కంపెనీ పెట్టిన రూలు కాదు, ఆయన పెట్టుకున్నది. నేను చేరకముందు ఇంకెవరో పైన కూర్చుని ఇలాగే గడియారం చూసేవారు.

నా రిపోర్టులో మెసెంజర్ వల్ల లాభాలు ఏడు వచ్చాయి. మాట గాలికి పోదు, రాతలో మిగులుతుంది. కింద మోటార్ల హోరులో వినబడలేదన్న గొడవ ఉండదు. ఎవరు సీట్లో ఉన్నారో పేరు పక్కన పచ్చ చుక్క చెబుతుంది. ఇలాంటివే మరో నాలుగు. నష్టాల కింద ఎంత ఆలోచించినా ఒకటే తోచింది: "ఉద్యోగులు కబుర్లలో పడే అవకాశం ఉంది." మేనేజర్‌గారు అది చదివి, "ఇదొక్కటైనా రాశావు, నయం. లేకపోతే దాన్ని తయారుచేసినవాళ్ళే రాయించారనుకునేవాళ్ళు" అని నవ్వారు.

మర్నాడే ఫోన్లు ఊడదీశారు. ఆరో గది పక్క గోడకి నాలుగు మేకుల రంధ్రాలు మిగిలాయి. వాటి కింద బల్ల వేసి కంప్యూటర్ పెట్టారు. బాబాయికి నేనే దిగివెళ్ళి నేర్పాను. పిట్ట గింజలు ఏరుకున్నట్టు ఒక్క వేలితో కొట్టేవాడు.

"నీ గొంతేదీ ఇందులో?" అన్నాడు.

"గొంతెందుకు బాబాయ్? నా పేరు పక్కన చుక్క చూడు. పచ్చగా ఉంటే నేనున్నట్టే."

"చుక్క ఉందిలే. మనిషి ఉందో లేదో చుక్కకెలా తెలుస్తుంది?"

"దానికి తెలుస్తుంది బాబాయ్."

"సరేలే, చదువుకున్నదానివి" అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉన్నా బాగుండేది.

ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టకపోతే ఆ చుక్క పసుపు రంగుకి మారేది. నేను ఫైలు కోసం బీరువా దగ్గరికి వెళ్ళొచ్చినా మేనేజర్‌గారు, "ఏమ్మా, మళ్ళీ పసుపు పూసుకున్నావు?" అనేవారు. రెండుసార్లు విని సిగ్గేసింది. సెట్టింగుల్లో వెతికి, కంప్యూటర్ ఆపేదాకా చుక్క పచ్చగానే ఉండేలా మార్చుకున్నాను. ఈ సంగతి బాబాయికి చెప్పలేదు. చెప్పాలని తోచలేదు.

గురువారం సాయంత్రం అమ్మ కళ్ళజోడు తీసుకోవాలి. దుకాణం ఆరింటికి మూసేస్తారు. ఐదున్నర దాటింది. ఒక చేత్తో సంచి జిప్పు లాక్కుంటూ, రెండో చేత్తో "ఉంటాను బాబాయ్" అని కొట్టి, ఎంటర్ నొక్కి లేచాను. తెర వైపు చూడలేదు. కంప్యూటర్ కూడా ఆపలేదు. అందులో ఏదో కొత్తది ఎక్కుతోంది, ఆపొద్దని మేనేజర్‌గారే చెప్పారు. దుకాణం మూసేలోపు చేరుకున్నాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని, నా ముఖం చూసి, చిక్కిపోయావే అంది.

శుక్రవారం పొద్దున మెట్ల దగ్గర లోడింగ్ వాళ్ళంతా నిలబడి ఉన్నారు. ఆరో గది తలుపు బార్లా తీసి ఉంది. పొగలా చలి బయటికి వస్తోంది. బాబాయి లోపలివైపు తలుపుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడట, టోపీ చెవుల కిందిదాకా లాక్కుని. గడియ మీద పేరుకున్న మంచులో గీతలున్నాయట. ఆ వారం ఆయనకు రెండు షిఫ్టులు, కాబట్టి ఇంట్లోనూ ఎదురు చూడలేదు.

పైకి వెళ్ళి తెర ముందు కూర్చున్నాను. నా చుక్క పచ్చగానే ఉంది. దాని కింద మూడు వరుసలు.

బాబాయి, 5.34: ఆరో గదిలో ఫ్యాన్ మొరాయిస్తోంది లోపలికి పోతున్నా ఉంటావా
నేను, 5.34: ఉంటాను బాబాయ్
బాబాయి, 5.35: ఉండు తల్లి ఇరవై నిమిషాలు

నేను టైపు చేస్తుండగా ఆయన ప్రశ్న వచ్చి పడింది. నేను చూడలేదు. నేను సెలవు తీసుకున్నాను. ఆయన దాన్ని నేనిచ్చిన మాట అనుకున్నాడు.

విచారణకు వచ్చిన అధికారి ఆ మూడు వరుసలు ప్రింటు తీయించి నా ముందు పెట్టాడు.

"ఉంటానని రాశారు. మరి ఎందుకు లేరు?"

"అది వెళ్ళొస్తానని చెప్పడమండీ."

"ఇక్కడ ఉంటాను అనే ఉందమ్మా."

"వెళ్ళేటప్పుడు అలాగే అంటాం కదండీ."

ఆయన జవాబు చెప్పేలోపు ఆయన ఫోన్ మోగింది. "విచారణలో ఉన్నా. మళ్ళీ చేస్తా. ఉంటా" అని పెట్టేశాడు. తర్వాత ఆ కాగితంలో రెండో వరుస మళ్ళీ చదివాడు.

బాబాయి భార్యకు చదువు రాదు. ఇంకెవరో చెప్పేలోపు నేనే వెళ్ళి ఆ మూడు వరుసలూ చదివి వినిపించాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. పిన్ని ఒక్కటే అడిగింది: "ఉండు తల్లీ అన్నాడా?"

"అన్నాడు పిన్నీ."

రిపోర్టులో నష్టాల కింద "వాడేవారి అజాగ్రత్త" అని చేర్చి సంతకం పెట్టమన్నారు మేనేజర్‌గారు. అది రాశాను. దాని కింద నేను మార్చుకున్న చుక్క గురించి రాశాను, నేను వాయిదా వేసిన గడియ గురించి రాశాను, తలుపు పక్కన ఫోన్ మళ్ళీ పెట్టాలనీ రాశాను. ఆయన చదివి పక్కన పెట్టారు. గడియ బాగుచేయించారు. ఫోన్ ఇంకా రాలేదు. రంధ్రాలు మాత్రం సిమెంటు పెట్టి పూడ్చేశారు.

కింద బల్ల దగ్గరికి కొత్తాయన వచ్చాడు. నిన్న తెర మీద ఆయన పేరు కింద మాటలు వెలిగాయి: "ఆరో గదిలోకి వెళ్తున్నానండీ. ఉన్నారా?"

నేను జవాబు కొట్టలేదు. చెప్పులు వదిలేసి మెట్లు దిగాను. ఇరవై నిమిషాలూ ఆ తలుపు ముందే నిలబడ్డాను.

మీరూ రోజుకి ఎన్నిసార్లో ఎవరికో "ఉంటాను" అని కొట్టి లేచిపోతుంటారు. తప్పేమీ కాదు. ఎంటర్ నొక్కే ముందు మాత్రం ఒక్కసారి తెర చూసి, ఉన్ని టోపీ పెట్టుకుని ఒక్క వేలితో అక్షరాలు ఏరుకునే మా మైనస్ బాబాయిని గుర్తు చేసుకోండి.