చెట్టును అడిగిన కోడలు

టోర్ఫి కోడలు ఇల్వాకు ఆ ఏడాది రూనుల పిచ్చి పట్టింది. రూనులంటే మా పూర్వీకుల గీతల అక్షరాలు. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో అక్షరం చెక్కి, సంచిలో వేసి కలిపి, చేతికొచ్చినవి తీసి జరగబోయేది చెబుతారట. మా అమ్మమ్మ కాలం నించీ ఈ తీరాన ఎవరూ చెప్పగా వినలేదు, రాజధానిలో నేర్చుకొచ్చింది. మొగుడు గ్రీముర్ చేపల పడవ మీద నెలల తరబడి సముద్రంలోనే ఉంటాడు. ఇంట్లో ముసలి మామ, కొట్టంలో గొర్రెలు. పొద్దుపోవాలి కదా పాపం అని పక్కింటిదాన్ని నేనూ ఏమీ అనలేదు. అంటే, మొహం మీద అనలేదు.

కొన్న బిళ్ళలు పనికిరావట, ఎవరివి వాళ్ళే చేసుకోవాలట. సరే, దేనితో? ముందు గులకరాళ్ళు ఏరుకొచ్చింది. మా ఒడ్డు రాయి నల్లది, మహా మొండిది. ఉలి జారి వేలు తెగింది. తర్వాత గొర్రె ఎముకలు ఉడకబెట్టింది. ఆ వాసనకి చుట్టుపక్కల కుక్కలన్నీ వాళ్ళ గుమ్మం ముందే కాపురం పెట్టాయి. మట్టితో చేస్తే పొయ్యిలో పగిలి ఊరుకున్నాయి.

"కర్రే కావాలి రాన్‌వేగ్. బతికున్న చెట్టుది, లేదా సముద్రం తనంతట తాను ఇచ్చింది" అంది నాతో.

"బతికున్న చెట్టా? ఈ ఒడ్డున నా మోకాలు దాటి పెరిగిన చెట్టు ఉంటే నాకూ చూపించవే, దణ్ణం పెట్టుకుంటాను" అన్నాను.

మాకు చెట్లెక్కడివి? ఏ దేశపు అడవుల్లోంచో సముద్రం మోసుకొచ్చి పడేసే దుంగలతోనే మా ఇళ్ళు, మా కంచెలు, మా శవపేటికలు.

ఒక ఆదివారం కాఫీకి వెళ్ళాను. టోర్ఫి వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇల్వా మెరిసే మొహంతో వచ్చి, సంచీ విప్పి బల్ల మీద గుమ్మరించింది. ఇరవై నాలుగు బిళ్ళలు. ఎర్రటి కర్ర, నున్నగా రుద్దింది, ఒక్కోదాని మీదా అక్షరం. నిజం చెప్పాలంటే ముచ్చటగానే ఉన్నాయి.

"ఊరికే కోసెయ్యలేదు నేను. దుంగైనా ఒకప్పటి చెట్టే కదా, ముందు దాని పక్కన కూర్చుని అనుమతి అడిగాను. రొట్టె పెట్టాను, బీరు పోశాను. నీలోంచి కొంచెం తీసుకోనా అని అడిగాకే రంపం పెట్టాను" అంది.

"ఏమందేమిటి? తీసుకో తల్లీ అందా?"

"నీకన్నీ వెటకారాలే. అలాంటివి మనసుకి తెలుస్తాయి."

టోర్ఫి ఒక బిళ్ళ తీసుకుని వాసన చూశాడు. బొటనవేలితో దాని వలయాలు తడిమాడు.

"ఎక్కడిదమ్మాయ్ ఇది?"

"గొర్రెల కొట్టం వెనక, చూరు కింద ఉంది టోర్ఫీ. ఎన్నేళ్ళ నించో పడుంది కదా, ఎవరూ ముట్టుకోవట్లేదు. నడిమధ్యలో ఒక్క ముడి కూడా లేదు. అక్కడ కోశాను."

మామని పేరు పెట్టి పిలుస్తుందేమిటని అనుకోకండి, మాలో అందరికీ పేరే మర్యాద. కానీ ఆ మాట విని నేను కాఫీ కప్పు కింద పెట్టేశాను. చూరు కింద ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని దుంగ అంటే మా తీరంలో మర్చిపోయిన దుంగ కాదు. ఎవరికోసమో ఎదురుచూస్తున్న దుంగ. పెళ్ళయిన కొత్తలో టోర్ఫి, అతని భార్య సాల్వోర్ ఇద్దరూ నడుం లోతు నీళ్ళలో దిగి లాగిన ఎర్ర దుంగ అది. ఒడ్డున దాని మీదే కూర్చుని, ముందు ఎవరు పోతే వాళ్ళ సమాధికి సిలువ దీనితోనే అనుకున్నారు. పోయిన శరత్కాలంలో సాల్వోరే ముందు పోయింది. మట్టి కుదురుకునే లోపే నేల గడ్డకట్టేస్తుందని చర్చివాళ్ళు ఒక తెల్ల కర్ర గుచ్చి వదిలేశారు. వసంతంలో, ఆమె పుట్టినరోజున, అసలు సిలువ పెట్టాలి. పెడతారని ఇల్వాకీ తెలుసు. ఏ దుంగతోనో ఎవరూ చెప్పలేదు, ఆమె కూడా అడగలేదు. కొసన కోసినా సరిపోయేది. నడిమధ్యలో కోసింది మహాతల్లి. మిగిలిన రెండు ముక్కల్లో ఏదీ సిలువ నిలువు కర్రకి చాలదు.

చెప్పేద్దామని నోరు తెరిచాను. టోర్ఫి నా వైపు చూసిన చూపుకి నోరు పడిపోయింది. నా నోరు!

"మంచి కర్ర. చక్కగా చెక్కావు" అని బిళ్ళని జాగ్రత్తగా కుప్పలో పెట్టి, గొర్రెల్ని చూసొస్తానని వెళ్ళిపోయాడు. చాలాసేపటిదాకా రాలేదు.

పుట్టినరోజు నాడు లోయలో ఉన్నవాళ్ళమంతా సమాధుల దగ్గర చేరాం. అత్తగారు అల్లిపెట్టిన స్వెటర్ వేసుకొచ్చింది ఇల్వా. టోర్ఫి బండిలోంచి సిలువ దించాడు. కొట్లో కొన్న పాలిపోయిన చెక్కతో చేసిన సిలువ. అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

మా లోయలోనే ఉండే బ్రాండుర్‌కి నోరాగుతుందా? "ఇదేమిటి టోర్ఫీ? మీరిద్దరూ సముద్రంలోంచి లాగిన ఎర్ర దుంగ ఏమైంది? చూరు కింద జన్మంతా ఆరబెట్టావుగా సాల్వోర్ సిలువకని!"

"లోపల పుచ్చిపోయింది. చూసుకోలేదు" అన్నాడు టోర్ఫి, గొయ్యి తవ్వుతూనే.

"నువ్వా? వాసన చూసి కర్ర వయసు చెప్పేవాడివి! ఆవిడ ఉంటే నీ చెవి మెలిపెట్టేది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తెలిసి తెలిసి నవ్వాను, సిగ్గులేనిదాన్ని. టోర్ఫి కూడా నవ్వినట్టు మొహం పెట్టాడు. వడ్రంగం అతని ప్రాణం. అయినా నలుగురిలో చేతకానివాడిగా నిలబడ్డాడు.

ఇల్వా నవ్వలేదు. తల కొట్టేసినట్టయింది ఆమెకి. జేబులో సంచీ గట్టిగా పట్టుకున్నట్టుంది, లోపల బిళ్ళలు టకటకలాడాయి. ఆ చప్పుడు నాకు వినిపించింది.

"పుచ్చలేదు" అంది. ఎవరూ పట్టించుకోలేదు. మళ్ళీ అంది. "పుచ్చలేదు. నేను కోశాను. వీటి కోసం." సంచీ తీసి అందరికీ కనబడేలా పట్టుకుంది. "నాకు తెలీదు టోర్ఫీ. నిజంగా తెలీదు."

నవ్వులన్నీ ఆగిపోయాయి. బ్రాండుర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇప్పుడెవరడిగారు నిన్ను?" అన్నాడు టోర్ఫి కోపంగా. "పుచ్చిందన్న నా మాటతోనే పోయేదిగా!" పార గడ్డిలో గుచ్చాడు. కోపం పోయాక వచ్చిన గొంతు అంతకన్నా కష్టంగా ఉంది వినడానికి.

"చెట్టుని అడిగానన్నావు. రొట్టె పెట్టి మరీ అడిగావు. నేను వంటింట్లోనే ఉన్నాను కదమ్మా ఆ రోజు. అడిగితే నేనే కొసన కోసిచ్చేవాణ్ణి. సాల్వోర్ కూడా ఇమ్మనేది."

నేల చీలితే ఇల్వా లోపలికి పోయేదే.

సముద్రం మీంచి గాలి కొడుతోంది. గోతిలో దించిన సిలువ నిలవకుండా వాలిపోతోంది. "పట్టుకో, మట్టి వెయ్యాలి" అన్నాడు టోర్ఫి. ఆమె సంచీ కింద పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, ఆ పాలిపోయిన చెక్కని రెండు చేతులతో పట్టుకుంది. అతను పార తర్వాత పార మట్టి వేశాడు, కాలితో తొక్కాడు. ఆమె ఏడుస్తోంది. మొహం దాచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మేమంతా అక్కడే ఉన్నాం, నేను నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను.