పదకొండు డబ్బాలు

దుప్పటి రెండు కొసలూ పట్టుకుని ఒక్క విదిలింపు విదిలించి, అమర్‌నాథ్ దాన్ని చెంపకు ఆనించుకున్నాడు. తడి ఆరిందో లేదో చేతికి తెలియదట, చెంపకే తెలుస్తుందట. హవాయి దీవుల్లో, హిలో ఊరి సముద్రపు ఒడ్డున ఉన్న ఆ చిన్న హోటల్లో పెద్ద పెద్ద డ్రయర్లు మూడున్నాయి. అయినా ముప్పై ఏళ్ళుగా ఆయన చెంప ఒప్పుకుంటే గానీ ఒక్క దుప్పటీ గదికి వెళ్ళలేదు. రోజూ వాన పడే ఊళ్ళో ఆమాత్రం చాదస్తం ఉండాలి మరి!

అరవై ఆరేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. పూల చొక్కా, మోకాళ్ళ దాకా నిక్కరు, రబ్బరు చెప్పులు. ఈ వేషంలో చూస్తే పుట్టి పెరిగిన తణుకులో ఎవరూ గుర్తుపట్టరు. భార్య అనంతలక్ష్మికి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వస్తే ఆవిడ వెనకాల వచ్చాడు. రెండేళ్ళుండి పోదామనుకున్నారు. ఆవిడ ఆరేళ్ళ క్రితం కన్నుమూసింది, ఈయన ఉండిపోయాడు. పెరట్లో అరటి, మునగ, కరివేపాకు. వీధిలో ఏ పిల్ల కనబడినా "అంకుల్!" అని చెయ్యి ఊపుతుంది. ఉన్న ఊరు కన్నతల్లి అంటారు కదా, ఆయనకు ఆ ఊరు ఎప్పుడో ఇదే అయిపోయింది.

ఆ హాయికి ఇవాళే ఆఖరు. మూడు వారాల క్రితం వానలో వాకిలి మెట్ల మీద జారి పడ్డాడు. మోచెయ్యి బెణికింది, అంతే. కానీ సముద్రం అవతల ఫ్రిస్కో ఊళ్ళో ఉన్న కూతురు రియా ఫోన్లో వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు ఒక్కడివే ఉంటే నాకు నిద్ర రావట్లేదు నాన్నా. వచ్చెయ్యి." పిల్ల ఏడుపు వినలేక "సరే తల్లీ" అనేశాడు. ఆ ఒక్క మాటకి ఫ్రిస్కోలో కింద గది సిద్ధమైపోయింది, తీసుకెళ్ళడానికి రియా విమానమెక్కి వచ్చేసింది. సాయంత్రమే ప్రయాణం.

మధ్యాహ్నం హోటల్ వాళ్ళు మెడలో పూలదండ వేసి, కౌగిలించుకుని పంపించారు. ఇంటికొచ్చేసరికి రియా పెట్టెలు హాల్లోకి చేర్చి, వంటింటి గట్టు ముందు నిలబడి ఉంది. గట్టు మీద పదకొండు డబ్బాలు. ప్రతి దాన్నిండా పులిహోర.

"ఏంటి నాన్నా ఇదంతా?"

"ఇరుగుపొరుగు వాళ్ళ డబ్బాలమ్మా. ఇచ్చేసి వెళ్ళాలి కదా."

"సో, డబ్బాలు ఇచ్చేస్తే చాలుగా. పులిహోర ఎందుకు?"

"ఖాళీ డబ్బా ఎలా ఇస్తామే? మీ అమ్మ వింటే నన్ను బతకనిచ్చేదా?"

రియా నవ్వేసి కారు తీసింది.

మొదటి ఇల్లు పక్కనే ఉండే మియెకోది. ఎనభై నాలుగేళ్ళ జపాన్ ముసలమ్మ. పులిహోర అందుకుని, "ఉండు అమర్" అంటూ లోపలికి వెళ్ళి, కొబ్బరిపాలతో చేసిన మోచీ, అదే వాళ్ళ బియ్యప్పిండి మిఠాయి, ఒక డబ్బాడు తెచ్చి చేతిలో పెట్టింది. రెండో ఇంట్లో లిచీ పళ్ళు. మూడో ఇంట్లో అరిటాకులో చుట్టిన చేప. నాలుగో ఇంటాయన గుమ్మంలో లేకపోతే అమర్‌నాథ్‌కి ప్రాణం లేచొచ్చింది గానీ, ఆయన పెరట్లోంచి బొప్పాయి ముక్కల డబ్బాతో పరుగెత్తుకొచ్చాడు. ఖాళీ చేతులతో పంపకూడదన్న పట్టు ఈ దీవిలోనూ మనకేమీ తీసిపోదు.

మూడున్నరకి లెక్క చూస్తే పదకొండు ఇచ్చారు, వెనక సీట్లో పదమూడు చేరాయి.

"ఇప్పుడెలా?" అంది రియా.

అమర్‌నాథ్ చాలా గంభీరంగా ఆలోచించాడు. "అరటికాయలున్నాయి. గబగబా బజ్జీలు వేసేస్తే..."

"నాన్నా! ఇది ఎప్పటికీ అవ్వదు!"

"నిజమేనమ్మా. ముప్పై ఏళ్ళ నుంచీ అవ్వలేదు."

రియా కారు పక్కకి ఆపింది. "ఈ లెవెన్ డబ్బాలూ నీకెప్పుడొచ్చాయి?" అని అడిగింది.

"పడ్డప్పుడు. చప్పుడు విని మొదట మియెకో వచ్చింది. ఆవిడ కేకలకి వీధి వీధంతా వచ్చేసింది. పది రోజులు నన్ను పొయ్యి ముట్టించనియ్యలేదు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఏడుస్తున్నావు కదే." ఆయన వెనక సీట్లోని డబ్బాల వైపు చూశాడు. "నాకు వెళ్ళాలని లేదు తల్లీ. నిన్ను బాధపెట్టలేక సరే అన్నాను. తప్పైపోయింది."

రియా స్టీరింగ్ మీద తల ఆనించింది. తల ఎత్తినప్పుడు కళ్ళు తడిగా ఉన్నాయి, మూతి మాత్రం నవ్వుతోంది. "నువ్వు ఒక్కడివే ఉన్నావనుకున్నాను. నేనో పిచ్చిదాన్ని. మెట్లకి రైలింగ్ పెట్టించు. రోజూ మార్నింగ్ కాల్ చెయ్యి. ప్రామిస్?"

"ఒట్టు!"

హిలో ఎయిర్‌పోర్టులో అమర్‌నాథ్ తన మెడలోని పూలదండ తీసి కూతురి మెడలో వేశాడు. వెళ్ళేవాళ్ళకే కదా అది వేసేది. రియా రెండడుగులు వేసి, వెనక్కి తిరిగింది.

"నా డబ్బా నీ దగ్గరే ఉంది నాన్నా. క్రిస్మస్‌కి తీసుకురా. ఖాళీగా తేకు మరి!"

ఏ డబ్బా అన్నదో అర్థం కాలేదు. చెయ్యి ఊపి, విమానం మబ్బుల్లో కలిసేదాకా చూసి, ఇంటికొచ్చి, హోటల్‌కి ఫోన్ చేసి, సోమవారం వస్తానన్నాడు. వాళ్ళు ఫోన్లోనే చప్పట్లు కొట్టారు. తర్వాత పదమూడు డబ్బాలూ ఒక్కొక్కటే లోపలికి చేరేశాడు.

వంటింటి గట్టు మూల, అన్నిటికంటే ముందే వచ్చి కూర్చుని ఉంది ఫ్రిస్కో నుంచి రియా సున్నుండలు నింపి తెచ్చిన నీలం మూత డబ్బా, అడుగున మిగిలిన ఒకే ఒక్క సున్నుండతో.