పెద్దులు పటం

పెద్దులు పోయి ఏడు రోజులైంది. పదకొండో రోజు దినాలు. ఆ రోజు గోడకు పటం పెట్టి దండ వేయాలి, దాని ముందు విస్తరి పరచి ఆయనకు ఇష్టమైనవి వడ్డించాలి. కానీ పటమే లేదు. ఆయన కూతురు శ్రీజ సూర్యాపేటలో ఒక ఫోటో స్టూడియోలో ఐదేళ్లుగా పని చేస్తోంది. తుంగతుర్తి పక్కనున్న వాళ్ల ఊళ్లో ఎవరు పోయినా పటం కట్టించి ఇచ్చేది ఆ పిల్లే. అలాంటి పిల్ల ఇంట్లో కన్నతండ్రి పటం లేదంటే నలుగురూ ముక్కు మీద వేలేసుకోరా? వేసుకున్నారు.

ఆధార్ కార్డు మీది ఫోటోనే పెద్దది చేసి తెచ్చింది శ్రీజ. తల్లి కాటమ్మ ఒక్క చూపు చూసి దాన్ని మంచం మీద బోర్లా పెట్టేసింది.

“గీయన ఎవరో నాకెరుక లేదు. దొంగను పట్టుకొచ్చి నిలబెట్టినట్టున్నడు. మీ నాయిన మొఖం నేను మంద కాడ నిప్పు ఎలుగుల సూసిన. గట్లుంటెనే పెట్టు. లేకుంటె ఉత్త గోడకే దండేస్త.”

ఇంకో ఫోటో ఎందుకు లేదో శ్రీజ ఒక్కదానికే తెలుసు. రెండు నెలల కిందట పెద్దులు భుజాన గొంగడితో స్టూడియోకు వచ్చాడు. “జర ఒక పటం తియ్ బిడ్డా, రేపు పనికొస్తది” అన్నాడు నవ్వుతూ. లోపల పెళ్లి ఆల్బం చూసుకుంటున్న ఒకావిడ గొర్రెల వాసనకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. శ్రీజ అది చూసింది. “ఇయ్యాల శాన గిరాకున్నది నాయినా, మల్లెప్పుడన్న రా” అని గుమ్మంలోంచే పంపేసింది. ఆయన మళ్లీ రాలేదు. వరికోతలయ్యాక ఎప్పటిలాగే మిర్యాలగూడ వైపు మాగాణుల్లో ఎరువు కోసం మంద పెట్టడానికి వెళ్లాడు. నిడమనూరు పొలంలో గొర్రెల మధ్యే గుండె ఆగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఎంత ఏడ్చి ఏం లాభం?

శ్రీజకు ఒక పని బాగా వచ్చు. మిర్యాలగూడ మిల్లుల బియ్యం సంచులు గానీ, గాజులు గానీ, మిఠాయిలు గానీ, ప్రాణం లేని వస్తువును ముందు పెడితే దానికి ప్రాణం వచ్చినట్టు ఫోటో తీస్తుంది. మనిషి లేకపోతే ఆయన ముట్టుకున్న వస్తువులున్నాయి కదా అనుకుంది. గొంగడి, చేతికర్ర, సొట్టలు పడ్డ గిన్నె సూర్యాపేటకు తీసుకుపోయింది. మధ్యాహ్నం స్టూడియో షట్టర్ దించి, వెనక నల్లబట్ట కట్టి వాటిని పేర్చి, అమ్మ అడిగిన నిప్పు వెలుగు కోసం ముందు ఇనప రేకు మీద గుప్పెడు కర్పూరం ముట్టించింది. మంట ఒక్కచోట నిలిచే వస్తువు కాదు. సెకనులో వెయ్యో వంతు సేపు కెమెరా కన్ను తెరిస్తే, ఎగిరే మంట ఎగిరినట్టే గాలిలో ఆగిపోయింది. నాలుకలు నాలుకలుగా, ఒక్కో కొసా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది.

స్టూడియో యజమాని నాగేందర్‌ది కోదాడ. ఆయన కంప్యూటర్ ముందు చాలాసేపు నిలబడిపోయాడు. “ఇలాంటి మంట నేనెప్పుడూ చూడలేదు శ్రీజా. పోటీకి పంపుదాం, నా మాట విను” అన్నాడు.

శ్రీజ పోటీ మాట పట్టించుకోలేదు. పటం కట్టించి సాయంత్రం బస్సుకే ఊరికి తెచ్చింది. కాటమ్మ చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“కాష్టం మంట గిట్లనే ఎగిరింది. నేను చెరువుకట్ట మీద నిలబడి సూసిన. ఇగ రోజూ సూడాల్నా దీన్ని?”

శ్రీజకు తల కొట్టేసినట్టయింది. వెలుగు చూసుకుంది, నీడ చూసుకుంది. ఆ పటాన్ని రోజూ చూడబోయే మనిషిని మాత్రం మరిచిపోయింది.

కొంతసేపటికి కాటమ్మే మెత్తబడింది. “మంద కాడ మంట ఎవడు పెడ్తడు బిడ్డా? గొర్లు బెదురుతయ్. నిప్పుంటది, అంతే. పొద్దుగాల మందను తోలుకపోయేటప్పుడు దాని మీద బూడిద కప్పి పోతడు మీ నాయిన. మాపటికొచ్చి కట్టెతోని గెలికితే మల్ల నిప్పే. జాగ మార్చేటప్పుడే నీళ్లు పోసి ఆర్పుతడు.”

గొర్రెల కాపరి కూతురై ఉండీ తనకు ఆ సంగతి గుర్తు రాలేదు. కర్పూరం గుర్తొచ్చింది. అందుకు శ్రీజ సిగ్గుపడింది.

మర్నాడు ఖాళీ కొట్టంలో కాటమ్మ తుమ్మ మొద్దులు కాల్చింది. మిట్టమధ్యాహ్నానికి అవి నిప్పులయ్యాయి. గొంగడిని ఆయన లేచి వెళ్తూ వదిలినట్టే పక్కన వదిలి, కర్ర దాని మీద పెట్టి, నిప్పుల మీద చేత్తో బూడిద చల్లింది. శ్రీజ వాకిలికి టార్పాలిన్ కట్టి చీకటి చేసింది. కంటికి ఉత్త బూడిదే కనబడుతోంది. కానీ కెమెరా కన్ను నలభై సెకన్లు తెరిచి ఉంచితే, ఆ కాస్త ఎరుపునూ అది కొద్దికొద్దిగా తాగుతుంది. అంతసేపూ ఎవరూ అడుగు వేయకూడదు. వేస్తే మట్టినేల అదిరి ఫోటో చెదిరిపోతుంది.

మూడోసారి మీట నొక్కి నిలబడినప్పుడు శ్రీజ గుండెలోది ఇక ఆగలేదు. కదలకుండానే, చీకట్లోకి చూస్తూ మొత్తం చెప్పేసింది. నాయిన స్టూడియోకు వచ్చింది, కొంగు అడ్డం పెట్టుకున్నావిడ, తను ఆడిన అబద్ధం, అన్నీ.

కెమెరా టక్కుమన్నాక కాటమ్మ అడిగింది.

“రెండు నెల్ల కిందనా? సోమారమా?”

“అవునమ్మా.”

“ఆ మాపటికి అన్నం తినలే. కంచం ముందల కూసోని, ముట్టకుంటనే లేచిండు. ఏమయ్యా అంటే ఆకలైతలేదన్నడు. నేను బస్సుల దుమ్ముకు అనుకున్న.”

తిట్టినా బాగుండేది. కొట్టినా బాగుండేది. కాటమ్మ వంగి ఇంకాస్త బూడిద చల్లి, “ఇంకోటి తియ్” అంది.

పదకొండో రోజు ఆ పటమే గోడకెక్కింది. విడిచిన గొంగడి, కర్ర, బూడిద, బూడిద పగుళ్లలో సన్నటి ఎరుపు. వచ్చిన చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దులు తమ్ముడు వీరేశం అడగనే అడిగాడు.

“గిదేం పటం వదినె? మనిషేడి?”

“పొద్దుగాలనే మందను తోలుకపోయిండు” అంది కాటమ్మ. “నిప్పు ఆర్పలే, సూడు.”

వీరేశం పటానికి దగ్గరగా వెళ్లి చూశాడు. ఆయనా గొర్రెలు కాసినవాడే. తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

కొడుకులు లేరు కాబట్టి విస్తరి పెట్టాల్సింది తమ్ముడే. వీరేశం చేతులు కడుక్కొని ముందుకొచ్చాడు. కాటమ్మ అన్నం గిన్నె ఆయనకు ఇవ్వలేదు. శ్రీజ చేతిలో పెట్టింది.

“నువ్వు పెట్టు. ఆకలితోని పోయిండు.”

శ్రీజ పటం ముందు మోకాళ్ల మీద కూలబడింది. అన్నం పెట్టింది, వేటకూర వేసింది, కల్లు పోసింది. చుట్టూ అంతమంది ఉన్నారని తెలుసు. ఉండనీ అనుకుంది.

“తిను నాయినా” అంది. “ఆ రోజు గిరాకేం లేకుండె. నేనే నిన్ను సూసి సిగ్గుపడ్డ.”

ఇంటినిండా ఉన్న చుట్టాలంతా ఆ మాట విన్నారు. కాటమ్మ కూతురి పక్కనే కూర్చొని, గిన్నెలోంచి ఇంకో పిడికెడు అన్నం తీసి విస్తట్లో వేసింది.