రెండో గ్లాసు టీ

"ఎలా ఉన్నారమ్మా?" అంది హనాదీ, కళ్ళజోడు ముక్కు చివరికి దించుకుని, గొంతు గంభీరం చేసుకుని. వారం రోజులుగా ఆ పిల్ల ఇంట్లో డాక్టరు వేషం కడుతోంది.

తల్లి ఇన్షిరాహ్ సోఫాలో సర్దుకుని కూర్చుంది. "దేవుడి దయ తల్లీ. నిక్షేపంలా ఉన్నాను."

"అయిపోయింది! కార్డు పోయింది, ఇంజెక్షన్ పోయింది, నువ్వు మళ్ళీ మంచాన పడ్డావు. పద, ఇద్దరం కూర్చుని ఏడుద్దాం."

"నోరు ముయ్యవే, అపశకునం మాటలూ నువ్వూనూ! ఎలా ఉన్నావని ఎవరైనా అడిగితే దేవుణ్ణి తలుచుకుని బాగున్నాననక, చచ్చిపోతున్నాను బాబోయ్ అంటారా?"

"కార్డులిచ్చే కమిటీ డాక్టరు అడిగితే అనాలి. కింద వాటాలో ఉమ్ రవూఫ్ ఏమంది? అల్‌హందులిల్లా, దేవుడి దయ, హాయిగా ఉన్నానంది. ఆవిడ నడుం వంగదు, మెడ తిరగదు. అయినా హాయిగా ఉందని రాసుకుని కార్డు పీకేసి పోయారు. మళ్ళీ మొదటి నుంచి. గిన్నె ఎత్తగలరా అని అడిగారనుకో, నువ్వేమనాలి?"

"నా వల్ల..." అని ఆగిపోయింది ఇన్షిరాహ్.

"నా వల్ల కాదు. మూడు ముక్కలమ్మా! అబద్ధం కూడా కాదు, పచ్చి నిజం."

నిజమే. కానీ ఆ నిజం నోటి దాకా వచ్చి పళ్ళ దగ్గర ఆగిపోతోంది. ఇరవై ఏళ్ళ వయసులో విధవరాలై, సోఫాలకి కవర్లు కుట్టి, చంటిపిల్లని పెంచుకున్న మనిషి. ఆవిడ కవరు కుడితే కుట్టు ఎక్కడుందో వెతుక్కోవాలని తమ దమియెత్తా ఊళ్ళో ఫర్నిచర్ షాపుల వాళ్ళు చెప్పుకునేవారు. నా వల్ల కాదని ఆ నోరు ఎన్నడూ అని ఎరగదు.

ఆ వేళ్ళకే వచ్చింది కీళ్ళవాతం. వేళ్ళన్నీ ఒక పక్కకి ఒరిగిపోయాయి, మణికట్లు ఉబ్బిపోయాయి. ఒక చలికాలం మొత్తం మంచం దిగలేదు. నోట్లో ముద్ద పెట్టడం, తల దువ్వడం, ఎత్తి కూర్చోబెట్టడం అన్నీ హనాదీయే. దాని కోసం కాలేజీ మానేసింది. ఆ తర్వాత వైకల్యం కార్డు వచ్చింది, కార్డు మీద ప్రభుత్వం ఇంజెక్షన్ ఇచ్చింది, ఇన్షిరాహ్ లేచి కూర్చుంది. మెల్లగా నిలబడింది. హనాదీ మళ్ళీ కాలేజీలో చేరింది. ఇప్పుడు కార్డు గడువు తీరింది, డాక్టరు ఇంటికొచ్చి చూసి రాస్తారట. బాగుందని రాస్తే కార్డు ఉండదు, కార్డు లేకపోతే ఇంజెక్షన్ ఉండదు, ఇంజెక్షన్ లేకపోతే మళ్ళీ ఆ చలికాలమే. ఇదెక్కడి తిరకాసండీ! మందు వేస్తే మనిషి నిలబడింది, మనిషి నిలబడింది కాబట్టి మందు ఆపేస్తారట. ఈ రూలు పెట్టినవాడికి ఆ వేళ్ళు ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్కరోజు తగిలిస్తే తెలిసేది.

డాక్టరు వచ్చే రోజు పొద్దున్నే హనాదీ మళ్ళీ పాఠం మొదలుపెట్టింది. "తలుపు నేను తీస్తాను. నువ్వు సోఫాలోంచి లేవకూడదు. కాటుక పెట్టుకోకూడదు. నవ్వకూడదు. టీ మాట అస్సలు ఎత్తకూడదు."

అన్నిటికీ తలూపుకుంటూ వచ్చిన ఇన్షిరాహ్ చివరి దానికి గతుక్కుమంది. "టీ ఇవ్వకుండా పంపిస్తామా?"

"నేను పెట్టి ఇస్తాలే."

"నువ్వు పెడితే అది టీనా, నేల కడిగిన నీళ్ళా? ఇంతకీ ఆ డాక్టరుది ఏ ఊరు?"

"మన్సూరా అట."

"చచ్చాం! మన్సూరా వాళ్ళా!" అని నుదురు కొట్టుకోబోయి, చెయ్యి అంత దూరం రాక, మోకాలు మీదే కొట్టుకుంది.

ఆవిడ బాధ ఆవిడది. దమియెత్తా వాళ్ళు పిసినారులని దేశమంతా ఆడిపోసుకుంటుంది, అందులో పొరుగున ఉన్న మన్సూరా వాళ్ళు మరీను. దమియెత్తా వాడి ఇంటికి చుట్టం వెళ్తే, భోంచేస్తావా లేక తేలిక కడుపుతో పడుకుంటావా అని అడుగుతాడట. ఈ హాస్యం విని విని ఆ ఊరి ఆడవాళ్ళకి కడుపు మండిపోయి ఉంది. అందుకే గుమ్మం తొక్కిన ప్రతివాడికీ గొంతు దాకా పోసి గాని వదలరు. కరెంటు మీటరు చూసేవాడు కూడా ఇన్షిరాహ్ ఇంట్లో గ్లాసు ఖాళీ చేసే కదలాలి.

మధ్యాహ్నం నమాజు పిలుపు కాగానే కమిటీ ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. గుర్తింపు కార్డు జిరాక్సు రెండు వైపులా తీయించి ఉంచమన్నారు. హనాదీ తిట్టుకుంటూ చెప్పులు తొడుక్కుంది. "ఇప్పుడే వస్తాను. ఎవరొచ్చినా తలుపు తియ్యకు. డాక్టరైనా సరే, బయటే ఉండనీ. నా మీద ఒట్టు."

ఆ పిల్ల మెట్లు దిగిన చప్పుడు కింద వర్క్‌షాపులో రంపం మోతలో కలిసిపోయింది. కాసేపటికే బెల్లు మోగింది.

ఇన్షిరాహ్ ఒట్టు గుర్తు తెచ్చుకుంది. కదల్లేదు. బెల్లు మళ్ళీ మోగింది. తలుపు అవతల ఎవరో ఆడమనిషి రొప్పుతోంది, దగ్గుతోంది. నాలుగంతస్తులు ఎక్కొచ్చిన మనిషి! పిల్ల ఒట్టు పెట్టింది నిజమే. కానీ ఇంట్లో మనిషి ఉండి గుమ్మం బయట నిలబెడతారా? ఇన్షిరాహ్ గోడ పట్టుకుని వెళ్ళి, మోచేత్తో గడియ నెట్టి, తలుపు తీసింది.

"డాక్టర్ గీలాన్‌ని, కమిటీ నుంచి వచ్చాను," అంది వచ్చినావిడ. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మొహం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి.

"అయ్యో తల్లీ, ఇల్లు వెలిగింది, రా, కూర్చో! ఎంత వడలిపోయావు! టీ తాగుదువు గాని."

"వద్దమ్మా, ఇంకా రెండు ఇళ్ళకి వెళ్ళాలి."

"దేవుడి మీద ఒట్టు, తాగాల్సిందే."

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. అయినా ఒట్టు ఒట్టే కదా.

ఆ టీ ఎలా తయారైందో డాక్టరు చూడలేదు. వంటగది తలుపు దగ్గరగా వేసుకుంది మహాతల్లి. పొయ్యి మర వేళ్ళకి తిరగదు. పట్టకారు దానికి తగిలించి, రెండు అరచేతుల మధ్య నొక్కి, ఒళ్ళంతా బరువు వేసి తిప్పింది. కెటిల్లోకి నీళ్ళు చిన్న గ్లాసుతో కొంచెం కొంచెం పోసింది. పంచదార సంచి ముడి పళ్ళతో విప్పింది. మరిగిన కెటిల్‌ని మణికట్ల మీద ఎత్తి వంచేటప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తల మీంచి వేలాడే తలగుడ్డ అంచుతో తుడుచుకుంది. పుదీనా రెబ్బ వెయ్యడం మాత్రం మర్చిపోలేదు. ట్రేని ముంజేతుల మీద మోసుకుంటూ నవ్వు మొహంతో బయటికొచ్చింది. నవ్వు మొహం! పిల్ల చూసి ఉంటే అక్కడికక్కడే కుప్పకూలేది.

డాక్టరు ఆబగా తాగింది. "బ్రహ్మాండంగా ఉందమ్మా. పొద్దున్నించీ మంచినీళ్ళు కూడా తాగలేదు." గ్లాసు కింద పెట్టి కాగితాలు తీసింది. "ఎలా ఉంటోంది ఒంట్లో?"

"దేవుడి దయ."

"నొప్పులు?"

"అందరికీ ఉండేవే."

"బట్టలు మీరే వేసుకుంటారా?"

హనాదీ వెయ్యాలి. గుండీలన్నీ హనాదీయే పెడుతుంది. కానీ ఈ వయసులో నాకు బట్టలు నా కూతురు వేస్తుందని, ముక్కూ మొహం తెలియని పిల్లతో ఎలా చెప్పుకుంటారు? "ఏదో, సర్దుకుంటాను తల్లీ."

డాక్టరు వేళ్ళు పట్టుకుని చూసింది, అటూ ఇటూ వంచింది. ఇన్షిరాహ్ పళ్ళు బిగబట్టింది గాని కిక్కురుమనలేదు. పెన్ను కాగితం మీద గడగడా నడుస్తోంది. ఒక్కో మర్యాద మాటకీ ఒక్కో గీత పడుతోందని ఇన్షిరాహ్‌కి తెలుస్తూనే ఉంది. నా వల్ల కాదు, అనుకుంది లోపల. ఇప్పుడు అనెయ్యాలి, ఇప్పుడే. నోరు తెరిచింది. "ఇంకొంచెం పంచదార పడాల్సిందేమో కదమ్మా?" అని వచ్చింది.

తలుపు తోసుకుని హనాదీ లోపలికొచ్చింది. డాక్టర్ని చూసింది, బల్ల మీద ఖాళీ గ్లాసు చూసింది.  "ఇది ఎవరు పెట్టారు?"

"మీ అమ్మగారే. బాగా కోలుకున్నారు," అంది డాక్టరు కాగితాలు సర్దుకుంటూ.

"కోలుకోవడమా! ఆవిడ నవ్వు చూసి మోసపోకండి డాక్టరమ్మా! రేపు ఆవిడ చెంచా కూడా పట్టుకోలేదు!"

"నేను చూసిందే రాయాలమ్మా. ఆవిడ నడిచారు, తలుపు తీశారు, టీ పెట్టి ఇచ్చారు, నొప్పులు అందరికీ ఉండేవే అన్నారు. నేను చూడనిది రాస్తే పైన నన్ను అడుగుతారు." పాపం, డాక్టరు గొంతులో కోపం లేదు. ఆ నెమ్మదే ఎక్కువ భయంగా ఉంది.

హనాదీ తల్లి వంక చూసింది. తల్లి చేతులు తలగుడ్డ కింద దాచుకుంది. కూతురు కళ్ళల్లో ఏదో తెగింపు కనబడింది.

"చూసిందే రాయండి. కానీ అంతా చూసి రాయండి. మా అమ్మని ఇంకో గ్లాసు టీ అడగండి."

"హనాదీ!" అంది ఇన్షిరాహ్.

"అడగండి డాక్టరమ్మా. మీకు పుణ్యముంటుంది."

డాక్టరు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.  తర్వాత పెన్ను పక్కన పెట్టి, నెమ్మదిగా, "అమ్మా, టీ చాలా బాగుంది. ఇంకొక్క గ్లాసు దొరుకుతుందా?" అంది.

దొరుకుతుందా! ఆ ఇంట్లో ఆ మాట అడిగించుకోవడమే తప్పు, అడగకముందే పోసెయ్యాలి. "మహాభాగ్యం తల్లీ, వెయ్యి గ్లాసులు," అంది ఇన్షిరాహ్. కూతురు పన్నిన ఉచ్చు అని తెలుసు. తెలిసే లేచింది. మొదటిసారి లేవలేక మళ్ళీ సోఫాలో పడింది. రెండోసారి మోచేతులు ఆనించి లేచింది. ఈసారి వంటగది తలుపు మూసుకునే ఓపిక లేదు.

పట్టకారు తీసింది. జారి కింద పడింది. వంగి తీసుకోబోతే వేళ్ళు ముడుచుకోలేదు. దాన్ని కాలితో గోడ దాకా నెట్టి, గోడకి ఆనించి పైకి పాకించి, ఎలాగో పట్టుకుంది. పొయ్యి మరకి తగిలించి నొక్కింది. మణికట్టులోంచి భుజం దాకా మంట లేచింది. మర తిరగలేదు. మళ్ళీ నొక్కింది. తిరగలేదు. వెనకాల డాక్టరు వచ్చి నిలబడిందని, హనాదీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోందని తెలుస్తూనే ఉంది. అయినా మళ్ళీ నొక్కింది. పట్టకారు ఎగిరి సింకులో పడింది.

ఇన్షిరాహ్ వెనక్కి తిరగలేదు. పొయ్యి వైపే చూస్తూ ఉండిపోయింది. రెండు చేతులూ ఇక దాచుకోవడానికి కూడా లేవలేదు.

"నా వల్ల కాదు తల్లీ," అంది.

 డాక్టరు వంటగది అరుగు మీదే కాగితం పరిచి, ఇందాక రాసింది అడ్డంగా కొట్టేసి, కొత్తగా రాసింది. రాసి హనాదీకి చూపించింది. కార్డు కొనసాగించాలని ఉంది. సంతకం ఉంది. వెళ్ళేముందు ఆ డాక్టరు ఇన్షిరాహ్ నుదుటిని ముద్దు పెట్టుకుంది. ఇన్షిరాహ్ కళ్ళెత్తి చూడలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు దూరమయ్యాక హనాదీ వచ్చి తల్లి చేతులు తన ఒళ్ళో పెట్టుకుంది. "కార్డు ఉంటుందమ్మా. ఇంజెక్షన్ ఉంటుంది. నన్ను తిట్టు, కొట్టు. ఏదో ఒకటి అను."

 ఇన్షిరాహ్ బల్ల మీద ఖాళీ గ్లాసు వైపు చూసింది.

"ఆ పిల్ల మన్సూరా వెళ్ళి ఏం చెబుతుందే? దమియెత్తాలో రెండో గ్లాసు అడిగితే ఇవ్వలేదని చెప్పదూ?"