భావనపాడుకి ఒక్క ముత్యం

నాకు ముక్కు మీదే కోపం. ఆ రోజు మాత్రం ఆ కోపాన్ని ఎవరి మీద చూపించాలో తెలియలేదు. తప్పంతా నాదే మరి.

అరవై ఎనిమిది వేసవి అది. టెక్కలి ఆరోగ్య కేంద్రంలో నాది ప్రచారం పని. మశూచి టీకాలకి ఊళ్ళని ఒప్పించే బొమ్మలు గీయాలి, మైకు పట్టుకు తిరగాలి, మా డాక్టరు సోమేశ్వరరావుగారు ఊరి పెద్దలకి పెట్టే శిక్షణ తరగతులకి కావలసినవన్నీ తయారు చెయ్యాలి. నా బొమ్మలంటే నాకు మహా గర్వం. భావనపాడు కోసం గీసినది మరీ బాగా కుదిరిందనుకున్నాను. ఒళ్ళంతా పొక్కులతో ఎర్రకళ్ళ రాక్షసి, దాని గుండెలో దిగిన టీకా సూది. రంగు నిండుగా కనబడుతుందని పసుపుచీర కట్టించాను. చేతిలో ఏదో ఒకటి ఉండాలని వేపకొమ్మ పెట్టాను.

పౌరోహిత్యం చేసుకునే ఇంట్లో పుట్టినవాణ్ణి. పసుపుచీర, వేపకొమ్మ ఎవరివో మా ఇంట్లో పిల్లినడిగినా చెబుతుంది. నాకు తట్టలేదు.

భావనపాడు జాలర్లకి తట్టింది. బొమ్మ అంటించిన గంటలో ఊళ్ళో తలుపులన్నీ మూసుకున్నాయి. అమ్మవారిని పొడిచి చంపుతున్నారంటూ టీకాలవాళ్ళని పొలిమేర దాకా తరిమారు. శిక్షణ తరగతికి ఆ ఊరి నుంచి పురుగు కూడా రాలేదు.

వేరే రోజుల్లో అయితే పోనీలే అనుకునేవాళ్ళం. కాని అక్కడికి నాలుగు మైళ్ళలో ఒక పల్లెలో మశూచి దిగి అప్పటికే ఇద్దరు పిల్లలు పోయారు. ఆ పల్లెకీ భావనపాడుకీ చుట్టరికాలు, రాకపోకలు. భావనపాడులో టీకా పడని పిల్లలు నూట అరవై ముగ్గురు.

"వారం రోజులు. అంతకు మించి టైము లేదయ్యా అనంతపద్మనాభం," అన్నారు డాక్టరుగారు. తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిక పడేవాణ్ణి.

మర్నాడు సైకిలెక్కాను. నౌపడా ఉప్పుమడులు దాటి ఊరు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇసుకలో ఆడవాళ్ళు చేపలు ఎండబోస్తున్నారు. వాళ్ళ మధ్య వరహాలమ్మ ఉంది. అరవయ్యేళ్ళ మనిషి, మొహమంతా స్ఫోటకపు మచ్చలు. ఏటా అమ్మవారి ఘటం ఎత్తేది ఆవిడే. శిక్షణకి పిలిచే పెద్దల జాబితాలో ఉన్నది పంచాయతీ ప్రెసిడెంటు పేరు. ఆయన కాపురం టెక్కలిలో. ఊరు కదిలేది వరహాలమ్మ మాట మీదేనని దారిలో కిళ్ళీకొట్టాయన చెప్పాడు. రెండేళ్ళుగా అతని దగ్గర సోడా తాగుతున్నాను గాని, ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు.

"అమ్మోరిని పొడిసినోడివి నువ్వేనేటి?" అంది నన్ను ఎగాదిగా చూసి.

"నేనేనమ్మా. పంతులుగారింట పుట్టి కూడా బుద్ధి గడ్డి తింది."

"పంతులుగారింట పుట్టి ఇదేటి పని బాబూ? మీ యమ్మ సూసిందా ఆ బొమ్మ?"

"చూసింది. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు."

ఆవిడ నవ్వు దాచుకోవడానికి తల తిప్పి చేపలు తిరగేసింది. "సర్లే. పొడవడం కాకపోతే మరేటి సేత్తారో సెప్పు."

వ్యాధి నిరోధక శక్తి గురించి దారంతా బట్టీపట్టుకొచ్చిన ఉపన్యాసాన్ని మింగేశాను. చొక్కా చెయ్యి పైకి మడిచి నా జబ్బ మీది టీకా మచ్చ చూపించాను. మూడోనాటికి చిన్న పొక్కు లేస్తుందని, వారానికి నిండుతుందని, ఒకటి రెండు రోజులు జ్వరం కాస్తుందని, మూడు వారాలకి పెచ్చు రాలిపోతుందని చెప్పాను.

ఆవిడ నా మచ్చని వేలితో తడిమింది. అమ్మవారి పొక్కుల్ని మా వైపు ముత్యాలంటారు.

"ఒక్క ముత్తెమేనా?"

"ఒక్కటే."

"మల్లీ పెద్దమ్మోరు రాదా?"

"చాలా ఏళ్ళ దాకా రాదమ్మా."

"నాకూ మా సెల్లికీ ఒక్కపాలే వచ్చింది. ఒల్లంతా ముత్తేలే. అది పోయింది, నాను మిగిలాను. ఒక్క ముత్తెం ఇచ్చి ఎల్లిపోతానంటే అమ్మోరికి ఎదురెల్లి కాల్లు కడిగి తెచ్చుకుందుం కదా! ఈ మాట సెప్పక సంపడాలేటి, పొడవడాలేటి?"

మాకొచ్చే పుస్తకాలు ఎన్ని తిరగేసినా ఆ ఒక్క మాట లేదు.

తరవాత ఆవిడ షరతులు చెప్పింది. టీకా పడిన ఇల్లు అమ్మవారు వచ్చిన ఇల్లే. గుమ్మానికి వేపాకు కడతారు, ఇంట్లో పోపు పెట్టరు, తొమ్మిదోనాడు ఊరంతా ఘటంతో సాగనంపుతారు. టీకాలవాళ్ళు చెప్పులు విప్పి రావాలి, అదీ చేపలు ఎండకేశాక. అన్నిటికీ తలూపాను. ఒక్కచోట మాత్రం అడ్డు చెప్పాను.

"పొక్కు మీద పసుపూ, వేపాకు ముద్దా రాయకూడదమ్మా. టీకా పాడైపోతుంది."

ఆవిడ మొహం ముడుచుకుంది. మళ్ళీ చెడగొట్టాననుకున్నాను.

"పసుపు గడపకి రాత్తాం," అంది చివరికి. "అమ్మోరు కూకున్న సోట సెయ్యెట్టకూడదని నానే సెప్తాను."

డాక్టరుగారు విని కుర్చీలోంచి లేచారు. "మూఢనమ్మకాన్ని మనమే ప్రచారం చేస్తామా?"

నా కోపానికి అప్పుడు దారి దొరికింది. "వాళ్ళ నమ్మకం సంగతి తరవాత సార్! ముందు పిల్లలు కావాలా, వద్దా?"

ఆ గురువారం ఊళ్ళోకి అందరికంటే ముందు చెప్పులు విప్పి నడిచింది డాక్టరుగారే.

వరహాలమ్మ అందరికంటే ముందు చెయ్యి చాపింది. "నీకు అక్కర్లేదమ్మా, ఒకసారి వచ్చిందిగా," అన్నారు డాక్టరుగారు. "నాకోసం కాదు బాబూ, ఈలు సూడాలని," అంది ఆవిడ. తరవాత ఒక్కొక్క తల్లినీ పేరు పెట్టి పిలిచింది. పొద్దు వాలకముందే నూట అరవై ముగ్గురికీ టీకా పడింది.

ఆరోనాడు ఎర్రమ్మ అనే ఆవిడ ఇంటికి ఆ మశూచి పల్లె నుంచి తమ్ముడు జ్వరంతో వచ్చాడు. మూడోపూటకి ఒళ్ళంతా పొక్కులు. మేం అతనికి వేరే పాక వేయించేలోపే, ఎర్రమ్మ మూడేళ్ళ కూతురు రమణి రెండు రాత్రులు మేనమామ పక్కలో పడుకుంది. ఆ పిల్లకి గనక అంటుకుంటే ఇక ఈ తీరంలో ఏ తల్లీ మాకు తలుపు తియ్యదు. తొమ్మిదోనాడు డప్పులతో అమ్మవారిని సాగనంపారు గాని నాకు ఒక్క దరువూ చెవికెక్కలేదు. మశూచి అంటుకుంటే పదిహేడు రోజుల్లోపు బయటపడుతుంది, ఆ పదిహేడు రోజులూ వరసగా సైకిలు తొక్కాను. ఎదురుగాలి కొట్టినప్పుడు దేవుళ్ళకి మొక్కాను, తిట్టాను కూడా.

ఆ గడువులో చివరి రోజు వెళ్ళేసరికి రమణి ఎండుచేపల మీది కాకుల్ని తోలుతోంది. మేనమామ కూడా బతికి పాక బయట కూర్చున్నాడు. పిల్లని గబుక్కున ఎత్తుకుని మొహం, వీపు, అరికాళ్ళు అన్నీ వెతికాను. జబ్బ మీద పెచ్చు రాలిన ఒకే ఒక్క మచ్చ. పిల్ల కితకితలకి కిలకిలా నవ్వుతోంది, నేను సిగ్గు లేకుండా ఏడుస్తున్నాను. గెలిచాం. ఎవరికి చెప్పాలో తెలియక సముద్రానికే గట్టిగా అరిచి చెప్పాను. ఆడవాళ్ళంతా చేపలు వదిలేసి నవ్వారు.

వరహాలమ్మ మాత్రం చేపలు గంపకెత్తే పనిలోనే ఉంది.

"రేపు సుమ్మాదేవి ఊరు ఎల్తన్నాను," అంది గంప కింద తలమీద పెట్టుకునే గుడ్డచుట్ట సర్దుకుంటూ. "ఆడా టీకా పడని గుంటలున్నారు. వాల్ల తల్లులకి నాను సెప్తాను. నువ్వూ డాకటేరుబాబూ టీకాలట్టుకుని నా ఎనకాల రండి."