నీరు ఇంకని జాగా

ఫోటోలో ఇల్లు ఉంది. స్థలంలో లేదు.

లొరెటా ప్రుయిట్ కారులోంచి ఆ ఖాళీ జాగాను చూసి, ఒళ్లో ఉన్న టాబ్లెట్ వైపు మళ్లీ చూసింది. ఈ మార్చిలోనే విమానం నుంచి తీసిన ఫోటో. సైకమోర్ వీధి, 214 నంబరు. బూడిదరంగు కప్పు, నలభై అడుగుల పొడవు, ఇరవయ్యారు వెడల్పు. ఎదురుగా మాత్రం మోకాలెత్తు గడ్డి, దాని మీద జోరువాన.

ఆరేళ్ల కిందట వాగు పొంగి ఈ వీధిని ఊడ్చేసింది. ఆ తర్వాతే ఊళ్లో పెద్ద పైపులు వేయడానికి డ్రైనేజీ ఫీజు పెట్టారు. ఎవరి జాగాలో ఎంత మేర వాననీరు ఇంకకుండా రోడ్డు మీదికి జారుతుందో, వాళ్లకు అంత ఫీజు. కప్పులూ గచ్చులూ ఫోటోల్లో చూసి గీతలు గీయడం లొరెటా ఉద్యోగం. గీసినదాన్ని కొట్టేయాలంటే మాత్రం మనిషి వెళ్లి కళ్లారా చూసి రావాలి. అది ఆఫీసు నియమం.

ఫోన్ మోగింది. ఆఫీసులో ఆమె పక్క సీటు డెస్మండ్.

“ఇల్లుందా, గడ్డుందా?”

“గడ్డే.”

“మరింకేం? పక్కింటావిడ ఈ నెల్లో మూడోసారి ఫోన్ చేసింది. ఇల్లు లేని ముసలాయన దగ్గర ఇంటి ఫీజు గుంజుతారా, సిగ్గులేదా అని. ఫీజు ఆఫీసుకు, తిట్లు నాకు. కొట్టేయనా?”

“ఆగు. ఆయన ఇక్కడే నిలబడి ఉన్నాడు. మాట్లాడొస్తా.”

జాగా అంచున గొడుగు పట్టుకుని నిలబడ్డ ఎల్వుడ్ గేజ్‌కి డెబ్బయ్యెనిమిదేళ్లు. ఆమె చేతిలోని కొలత చక్రాన్ని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది.

“కొట్టేయకమ్మా. ఫీజు కడుతూనే ఉన్నాగా.”

“లేని ఇంటికి కట్టక్కర్లేదండీ, మిస్టర్ గేజ్.”

“లేదని ఎవరన్నారు? మా ఆవిడ ఆర్డిత్ లోపలే ఉంది. ఆ రోజు నేను కారు తీయడానికి బయటికొచ్చా. తను పిల్లి కోసం వెనక్కెళ్లింది. ఇల్లు కొట్టుకుపోయింది, మనిషి మాత్రం దొరకలేదు.” ఆయన గొంతు తగ్గించాడు. “మీ పట్టికలో కప్పు ఉన్నన్నాళ్లూ తను తడవదు. అదీ తీసేస్తే ఎక్కడికి పోతుంది?”

లొరెటాకు జాలేసింది. కానీ చూసి రాయాల్సింది చూసే రాయాలి. చక్రం దొర్లించుకుంటూ గడ్డిలోకి నడిచింది.

పదో అడుగులో వాన ఆగిపోయింది.

వెనక్కి తిరిగింది. వాన ఆగలేదు. ఆమె వెనకే, చూరు నుంచి కారినట్టు, గీత గీసినట్టు పడుతోంది. ఆమె కాళ్ల కింద గడ్డి లేదు, పొడి దుమ్ము. తల పైన రేకుల మీద చినుకుల మోత వినిపిస్తోంది. తలెత్తితే మబ్బు తప్ప ఏమీ లేదు.

ఆ అంచు వెంట చక్రం నడిపింది. నలభై అడుగులు. మలుపు. ఇరవయ్యారు.

మళ్లీ డెస్మండ్ ఫోన్. “మన ఆఫీసరు నెత్తి మీద కూర్చున్నాడు. అయిదింటికల్లా బిల్లులు వెళ్లిపోవాలట. నువ్వు గడ్డే అన్నావుగా, కొట్టేశా. వచ్చెయ్.”

లొరెటా మెడ మీద ఒక చుక్క పడింది.

“వంటింటి మూల కారుతోంది,” అన్నాడు ఎల్వుడ్ బయటినుంచి. “అమ్మా, తనకి చలి పడదు.”

దూరపు మూలలో వాన లోపలికి దూకింది. పొడి నేల కుంచించుకుపోతోంది. దాని మీద, ఆ మూలనుంచి, చిన్న తడి పాదముద్రలు ఒక్కొక్కటే పడుతూ వచ్చాయి. వాన తరుముతుంటే పొడి ఉన్నవైపే వెనక్కి జరుగుతున్నాయి. లొరెటా వైపే.

ఆమె టాబ్లెట్ తెరిచింది. ఒక మూల గీసింది. రెండో మూల. తడి వేళ్లకు తెర పలకలేదు. చొక్కా లోపల తుడిచి మళ్లీ నొక్కింది. మూడో మూల.

“ఏయ్, కొట్టేసింది మళ్లీ గీస్తున్నావేంటి?” అన్నాడు డెస్మండ్ ఫోన్లో, తన తెర మీద ఆ గీతలు చూసి.

“చూడ్డానికి వచ్చింది నేను. ముట్టుకోకు.”

పొడి నేల ఇక చాపంత మిగిలింది. ఆమె మోచేతిని చల్లటి వేళ్లేవో గట్టిగా పట్టుకున్నాయి. లొరెటా అటు చూడలేదు. నాలుగో మూల నొక్కి, భద్రం చేసింది.

పైన రేకుల మోత మళ్లీ మొదలైంది. వాన ఒక్కో అడుగే వెనక్కి జరిగి చూరు దగ్గర ఆగింది. మోచేతి మీద పట్టు సడలింది. చొక్కా చేతికి అయిదు వేళ్ల తడి మిగిలింది.

“బాగుందా తను?” అన్నాడు ఎల్వుడ్. ఈ ఆరేళ్లలో ఆయన ఆ గీత దాటినట్టు లేడు.

“మీరే వచ్చి చూసుకోండి.”

ఆయన గొడుగు ముడిచాడు. బూట్లు గడ్డికి రెండుసార్లు రుద్ది, తల కాస్త వంచి, లోపలికి వచ్చాడు.

“సరేలే, గీశావు,” అన్నాడు డెస్మండ్ విసుగ్గా. “ఇల్లుందంటే మనుషుల లెక్క కూడా నింపాలి. ఎంతమంది ఉంటున్నారు అక్కడ?”

దుమ్ములో ఎల్వుడ్ బూటు గుర్తుల పక్కన తడి పాదాలు కూడా నడుస్తున్నాయి, ఆయన అడుగుకు అడుగు కలుపుతూ.

“ఇద్దరు,” అంది లొరెటా. వాళ్లకు దారి ఇచ్చి, వానలోకి వచ్చేసింది.